రోగి మంచము చెంత అతిథి విద్యార్థి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పుస్తకశాల పండుగనాడు ఆసుపత్రి ముచ్చట యేల యని కొందరికి తోపవచ్చును. ఈ గ్రంథాలయము పుట్టుటయు, ఏలూరున వైద్యవిద్య వేరూనుటయు ఇంచుమించుగ ఒక్క కాలమున జరిగినవి. అంతకు పూర్వము ఈ ప్రాంతపు బాలుడు వైద్యుడు కావలెనన్నచో 1923 లో నెలకొన్న విశాఖపట్టణపు కళాశాలకో, 1946 నాటి గుంటూరు కళాశాలకో, 1958 నాటి కాకినాడ రంగరాయ కళాశాలకో పోవలసియుండెను. 1999 లో ఏలూరున అల్లూరి సీతారామరాజు పేరిట వైద్యకళాశాల వెలసినది. 2023 లో ప్రభుత్వ వైద్యకళాశాలయు వచ్చినది. కొల్లేటి లంకలలో పుట్టి, ఇట్టి పఠనమందిరముల బల్లలపై చదివిన పిల్లలు నేడు తెల్లకోటు తొడిగి రోగుల చెంత నిలుచుచున్నారు.

వారి వెంట ఒక క్రొత్త మాటయు గ్రామములలోనికి వచ్చినది. “నాన్నగారూ! పట్టము చేతికి రాకముందే అమెరికాలో ఒక ఆసుపత్రికి పోయి నాలుగు వారములు పని నేర్చి రావలెను. అట్లు చేసినగాని అక్కడ రెసిడెన్సీ దొరకుట కష్టము” అని కుమారుడు చెప్పును. తండ్రి చెరువు గట్టుమీద కూర్చుండి లెక్క చూచుకొనును. విమానపు టిక్కెట్టు, బస, ఆసుపత్రికి కట్టు రుసుము, పరీక్షల రుసుములు, అన్నియు కూడగా చేపల చెరువు తాకట్టు పెట్టవలసి వచ్చునట్లున్నది. “ఇది చదువా, యాత్రయా, అబ్బాయీ?” అని ఆయన యడుగును. కుమారునకు సరియైన సమాధానము తోచదు. ఆ తండ్రి ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ ఉపన్యాసము యొక్క పని.

ముందుగ రెసిడెన్సీ యన నేమో తెలియవలెను. మన దేశమున నాలుగున్నర సంవత్సరములు చదివి, ఒక సంవత్సరము హౌస్ సర్జనుగ పనిచేసిన పిమ్మట ఎం.బి.బి.ఎస్. పట్టము వచ్చును. ఆ పట్టముతో ఇచ్చట వైద్యము చేయవచ్చును. అమెరికాలో అట్లు కాదు. ఏ దేశపు పట్టము గలవాడైనను అక్కడి ఆసుపత్రిలో పెద్ద వైద్యుల క్రింద కొన్ని సంవత్సరములు శిక్షణ పొందినగాని సాధారణముగ స్వతంత్రముగ మందు వ్రాయరాదు. సామాన్య వైద్యమునకు మూడు సంవత్సరములు, శస్త్రవైద్యమునకు అయిదు సంవత్సరములు పట్టును. తొలిరోజులలో ఈ శిక్షణ పొందువారు ఆసుపత్రిలోనే కాపురముండెడివారు గనుక ఆ పేరు వచ్చినది. మన గ్రంథములలో గురువు చెంత వసించు శిష్యుని అంతేవాసి యందురు. రెసిడెంటనగా ఆ అంతేవాసియే.

ఈ స్థానములను పంచు విధానము వినోదకరమైనది. 1952 నుండి నడచుచున్న ఆ యేర్పాటున అభ్యర్థులు తమకు నచ్చిన ఆసుపత్రుల పేర్లను వరుసగ వ్రాసి యిత్తురు. ఆసుపత్రులును తమకు నచ్చిన అభ్యర్థుల పేర్లను వరుసగ వ్రాసి యిచ్చును. గణనయంత్రము ఆ రెండు జాబితాలను సరిచూచి జోడించును. మార్చి నెల మూడవ వారమున ఫలితము వెలువడును. వెలువడిన పిమ్మట ఎవరికిని మాట తప్పు హక్కు లేదు. పెండ్లి సంబంధములలో వరుని వారికి వధువు నచ్చినంతనే చాలదు గదా! వధువు వారికిని వరుడు నచ్చవలెను. ఈ పద్ధతిని 1998 నుండి అమలైన రీతిలో సవరించిన ఆల్విన్ రాత్ అను పండితునకు 2012 లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

విదేశములందు చదివినవారు ఆ జాబితాలో చేరుటకు ముందు మరియొక గడప దాటవలెను. 1956 లో నెలకొన్న ఇ.సి.ఎఫ్.ఎం.జి. అను సంస్థ వారి పట్టమును, పరీక్షలను పరిశీలించి యోగ్యతాపత్ర మిచ్చును. ఆ పరీక్షలలో ఇటీవల రెండు మార్పులు జరిగినవి. పూర్వము మొదటి పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినవో ఆసుపత్రులు చూచెడివి. 2022 జనవరి నుండి దానికి మార్కులు తీసివేసి, ఉత్తీర్ణుడా కాడా యనునంతవరకే తెలుపుచున్నారు. మరియొక పరీక్షలో రోగులవలె నటించువారిని ఎదుట కూర్చుండబెట్టి, అభ్యర్థి వారితో ఎట్లు మాటలాడునో, ఎట్లు పరీక్షించునో చూచెడివారు. అది 2020 లో అంటువ్యాధి వలన నిలిచిపోయి, 2021 లో పూర్తిగ రద్దయినది.

ఇచ్చటనే అసలు చిక్కు ఉన్నది. మొదటి పరీక్షకు మార్కులు లేవు, నటించు రోగులతో జరుపు పరీక్ష లేదు. ఏడు సముద్రముల ఆవలినుండి వచ్చు అపరిచితుడు రోగి చేయి ఎట్లు పట్టుకొనునో ఆసుపత్రికి తెలియు టెట్లు? తమ యెరుకలోని వైద్యుడొకడు అతనిని కొన్ని వారములు కనులార చూచి వ్రాసిన జాబు ఒక్కటే నమ్మదగిన సాక్ష్యము. అతిథి విద్యార్థిగ పోవు ఆచారము పూర్వమునుండి ఉన్నదే. అమెరికా విద్యార్థులును తమ కళాశాల విడిచి ఇతర నగరముల ఆసుపత్రులలో ఇట్లు నెల దినములు పనిచేయుట కలదు. కాని పై మార్పుల వలన దాని విలువ మరింత పెరిగినది. కావున కుమారుడు చెప్పినది వట్టి మాట కాదు.

ఈ ఆలోచన అమెరికా వారికి మాత్రమే తట్టినది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున శాస్త్రము మాత్రమే తెలిసి పని తెలియనివాడును, పని మాత్రమే తెలిసి శాస్త్రము తెలియనివాడును ఒంటి రెక్క పక్షి వంటివారని భావము కలదు. ఆ గ్రంథముననే శిష్యునకు అభ్యాసము చెప్పు అధ్యాయమొకటి ఉన్నది. కోయుట గుమ్మడికాయ, సొరకాయ, దోసకాయలపై నేర్వవలెనట. నీరు, బురద నింపిన తోలుతిత్తులపై చీల్చుట నేర్వవలెనట. సిరలను భేదించుట చచ్చిన పశువుల సిరలయందును, తామరతూండ్లయందును అభ్యసింపవలెనట. కొల్లేటి తామరతూడు చేతపట్టి ఆడుకొనిన పిల్లలకు ఆ మాట యెంత దగ్గరిదో చెప్పనక్కర లేదు. పిదప అధ్యాయమున వైద్యవృత్తిలో ప్రవేశించు విధము చెప్పబడినది. శాస్త్రము చదివి, అర్థము గ్రహించి, గురువు చేయు పని కనులార చూచి, తాను చేసి, రాజు అనుమతి పొందిన పిమ్మటనే వైద్యుడు వీధిలో అడుగుపెట్టవలెనట. చదువు, చూపు, చేత, అనుమతి. రెసిడెన్సీకి పోవువాడు నేడు దాటవలసిన గడపలును ఇవే నాలుగు.

ఇప్పుడు తండ్రి తప్పక తెలిసికొనదగిన భేదమొకటి కలదు. “అమెరికా ఆసుపత్రిలో నెల దినములు” అను ఒక్క మాట క్రింద మూడు వేరువేరు వస్తువులు అమ్ముడగుచున్నవి.

మొదటిది ఎలెక్టివ్. ఇది ఇంకను విద్యార్థిగ నున్న వానికి మాత్రమే. అక్కడి వైద్యకళాశాల తన విద్యార్థులతోపాటు అతనిని చేర్చుకొని, పెద్దల పర్యవేక్షణలో రోగిని పరీక్షింపనిచ్చును. సాధారణముగ నాలుగు వారములు. ఇందులకు స్వంత కళాశాల ప్రిన్సిపాలు జాబు, టీకాల దాఖలాలు, క్షయ లేదని పరీక్షాపత్రము, పొరపాటు జరిగినచో బాధ్యత వహించు బీమా కావలెను. అన్ని కళాశాలలును విదేశీయులను చేర్చుకొనవు. కొన్ని తమతో ఒడంబడిక గల కళాశాలల పిల్లలనే చేర్చుకొనును. పట్టము పుచ్చుకొనిన నాడు ఈ ద్వారము మూతపడును. హౌస్ సర్జను సంవత్సరమున నున్నవారిని కొందరు విద్యార్థులుగ గణింతురు, కొందరు గణింపరు. కావున ఆ మాట ముందుగనే జాబు వ్రాసి తెలిసికొనవలెను. ఆలస్యముగ మేల్కొనిన వారు ఎక్కువగ నష్టపోవునది ఇచ్చటనే.

రెండవది అబ్జర్వర్‌షిప్. పట్టము వచ్చిన వారు దీనికి పోవచ్చును. పేరునందే ఉన్నట్లు ఇది చూచుటయే. రోగిని ముట్టుకొనుట లేదు. చూపు మాత్రమే లభించును, చేత లభింపదు. అయినను మంచి గురువు దొరకినచో ఇదియు వ్యర్థము కాదు. అక్కడి వార్డు పద్ధతి, మాటతీరు తెలియును.

మూడవది దళారుల ద్వారా దొరకునది. దానికి ఎక్స్‌టర్న్‌షిప్ మొదలగు పేర్లు పెట్టుదురు. నెలకు వేల డాలర్లు అడుగువారును కలరు. ఇందులో నిజముగ నేర్పు వైద్యులున్నారు. కుర్చీ వేసి కూర్చుండబెట్టి, నెలాఖరున అందరికి ఒకే మూసలోని జాబు నిచ్చువారును ఉన్నారు. డబ్బు కట్టక పూర్వము అయిదు ప్రశ్నలు వేయవలెను. నేర్పు వైద్యుని పేరేమి? అతనికి లైసెన్సు ఉన్నదా? రెసిడెంట్లు శిక్షణ పొందు ఆసుపత్రితో అతనికి సంబంధమున్నదా? విద్యార్థి రోగిని పరీక్షించునా, చూచి ఊరకుండునా? వీసా రానిచో పైకము తిరిగి యిత్తురా? లైసెన్సు సంగతి ఆ రాష్ట్రపు వైద్యమండలి పట్టికలో రుసుము లేకుండ ఎవరైనను చూడవచ్చును. పొలము కొనునప్పుడు అడంగలు చూడక బయానా ఇచ్చువాడు ఈ ప్రాంతమున లేడు. కుమారుని చదువు విషయమున మాత్రము అడంగలు చూడక బయానా ఇచ్చుట యేల?

వీసా విషయమున ఒక్క మాట. ఇట్టి అభ్యాసమునకు పోవువారికి సాధారణముగ బి-1 అను తరగతి వీసా యిత్తురు. దానిపై జీతము పుచ్చుకొనరాదు. “చుట్టపుచూపుగ పోవుచున్నాను” అని చెప్పి ఆసుపత్రిలో తేలుట ప్రమాదకరము. ఒక్కసారి అబద్ధము దాఖలా అయినచో రేపు రెసిడెన్సీకి పోవునప్పుడు ఆ కాగితమే అడ్డుపడును. ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఆసుపత్రి పంపిన ఆహ్వానపత్రము చూపుటయే మేలు.

ఇక ఆ నాలుగు వారములలో జరుగున దేమి? తెల్లవారకముందే విద్యార్థి వార్డునకు పోవును. అతనికి ఇద్దరో ముగ్గురో రోగులను అప్పగింతురు. రాత్రి ఎట్లు గడచినది, జ్వరమెంత, నాడి యెంత, రక్తపరీక్ష లేమనుచున్నవి యని తెలిసికొని, రోగిని పలుకరించి, పరీక్షించి సిద్ధముగ నుండవలెను. పిమ్మట పెద్ద వైద్యుడు, రెసిడెంట్లు కూడి రాగా, ఆ రోగి కథను అయిదు నిమిషములలో నిలువబడి చెప్పవలెను. ఏ బాధతో వచ్చెను? ఎట్లు మొదలాయెను? పరీక్షలో నేమి కనబడెను? వ్యాధి యేమని తలచుచున్నావు? ఏమి చేయుదమందువు? కడపటి రెండు ప్రశ్నలయొద్దనే విద్యార్థి తేలును, లేక మునుగును. పుస్తకము వల్లించిన వాడు ఇరువది వ్యాధుల పేర్లు చెప్పును. రోగిని చూచిన వాడు రెండు పేర్లు చెప్పి, మొదటి దేల కాదో, రెండవ దేల అగునో చెప్పును.

తెలియని దానిని తెలియదని చెప్పుట అక్కడ తప్పు కాదు. చూడని దానిని చూచితినని చెప్పుట మహాపరాధము. గుండె వినక విన్నట్లు చెప్పినవానిని మరునాడు ఎవరును నమ్మరు. మన పిల్లలు గురువు ఎదుట “తెలియదు” అనుటకు జంకుదురు. ఆ జంకు ఇంటియొద్దనే విడువవలెను.

రోగి రహస్యము మరియొక నియమము. 1996 నాటి శాసనము ననుసరించి ఒక రోగి సంగతి చికిత్సతో సంబంధము లేనివారికి చెప్పరాదు. లిఫ్టులో మాటలాడరాదు, ఫోనులో బొమ్మ తీయరాదు. ఇది మనకు క్రొత్తది కాదు. చరకసంహిత విమానస్థానమున గురువు శిష్యునకు చెప్పు నియమములలో రోగి ఇంటి సంగతులు వెలుపల పొక్కనీయరాదను నియమము కలదు. మన ఆసుపత్రి వరండాలలో ఒకరి రోగము పదిమంది చెవులలో పడుచుండుట చూచినపుడు, చరకుని మాటను పరాయి దేశమువారు శాసనముగ చేసికొనిరి గదా యనిపించును.

నెల ముగిసిన పిమ్మట పెద్ద వైద్యుడు జాబు వ్రాయును. ఆ జాబు సాధారణముగ విద్యార్థి చేతికి రాదు. దానిని చూచు హక్కును అతడు ముందుగనే వదలుకొనును. జాబు నేరుగ దరఖాస్తుల కార్యాలయమునకు పోవును. అందువలననే దానికి విలువ. దరఖాస్తులు సెప్టెంబరు నెలాఖరున ఆసుపత్రులకు చేరును గనుక, వేసవిలో గాని వర్షఋతువు తొలిదినములలో గాని పోయి వచ్చినవారికి జాబు సకాలమున అందును.

ఇప్పుడు ఒక ప్రశ్న. నాలుగు వారములలో ఎవరైనను వైద్యము నేర్తురా? నేర్వరు. ఆ నాలుగు వారములు నేర్చినదానిని చూపుటకు మాత్రమే. నేర్వవలసినది ఏలూరున, తాడేపల్లిగూడెమున, కైకలూరున నేర్వవలెను. పరదేశపు ఆసుపత్రిలో కొల్లేటి ప్రాంతపు విద్యార్థికి మూలధనమేది యన్నచో, అది తండ్రి కట్టిన రుసుము కాదు. ఇక్కడి రోగి మంచమే.

ఒక ఉదాహరణము. వానకాలమున నేలమీద పండుకొనిన కూలివానిని తెల్లవారుజామున ఆసుపత్రికి తెత్తురు. కడుపునొప్పి యనును. కొంతసేపటికి కనురెప్పలు వాలిపోవును, మాట తడబడును. ఒంటిమీద కాటు కనబడదు. పల్లెలో పుట్టి, కన్నులు తెరచి హౌస్ సర్జను చేసినవాడు కట్లపాము కాటని అనుమానించి, ఊపిరి కనిపెట్టుచు విషహరమునకు పరుగెత్తును. మరియొక దినము పురుగులమందు త్రాగిన రైతును తెత్తురు. నోట చొంగ, ఒడలంత చెమట, సూదిమొనవంటి కంటిపాప చూచి, ఏ జాతి మందో గ్రహించి అట్రోపిన్ ఎక్కింతురు. ఇట్టివి ఇచ్చటి వార్డులకు తరచుగ వచ్చును. బోస్టనులో ఏండ్లు పనిచేసినవారును వీనిని అరుదుగ చూతురు.

2020 డిసెంబరు మొదటి వారము ఏలూరువారు మరువలేరు. ఉన్నట్టుండి జనులు మూర్ఛలతో, కన్నులు తిరిగి పడిపోయిరి. కొలది దినములలో వందలాది మంది ఆసుపత్రిపాలైరి. దేశపు పెద్ద సంస్థల శాస్త్రజ్ఞులు వచ్చి నెత్తురు, నీరు, కూరగాయలు పరీక్షించిరి. రోగుల నెత్తురులో సీసము, నికెలు కనబడినవని చెప్పిరి. పురుగుమందులపైనను అనుమానము పోయినది. ఆ దినములలో మంచము చెంత నిలిచిన వైద్యునకు ఏ పుస్తకపు పుటయు సిద్ధముగ లేదు. “నిన్న ఏమి తింటిరి? ఏ నీరు త్రాగితిరి? ఇంటిలో ఇంకెవరికి వచ్చినది?” అని యడుగుటయే అతని ఆయుధము. అడుగు విద్య నేర్చినవాడు ఏ దేశపు వార్డులోనైనను తలయెత్తి నిలువగలడు. అడుగు విద్య రానివానికి నాలుగు వారములు కాదు, నాలుగు సంవత్సరములైనను చాలవు.

కావుననే విద్యార్థి బయలుదేరక పూర్వము స్వంత ఆసుపత్రిలో తన్ను తాను పరీక్షించుకొనవలెను. దినమునకు ఒక్క రోగి కథను పూర్తిగ వినెనా? దానిని అయిదు నిమిషములలో ఇంగ్లీషున చెప్పగలడా? ముసలమ్మ చేయి పట్టుకొని “ఎట్లున్నదమ్మా?” అని తెలుగున అడుగలేనివాడు ఇంగ్లీషున మాత్రము ఎట్లడుగును?

ఈ ప్రాంతమున పుట్టి పరదేశపు ఆసుపత్రి గడప త్రొక్కినవారిలో చిరస్మరణీయుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1895 జనవరి 12 వ తేదీన కొల్లేటికి చేరువనున్న భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషను మూడవసారి గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్యకళాశాలలో చదువునపుడు స్వదేశీ దీక్షతో ఖద్దరు తొడిగి శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గురియాయెను. ఎం.బి.బి.ఎస్. కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించినది. 1922 లో బోస్టను చేరెను. అక్కడ స్వతంత్రముగ వైద్యము చేయు హక్కు లేదు. చేతిలో పైకము లేదు. పగలు హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రము చదివి, రాత్రులు ఆసుపత్రిలో సేవకుని పని చేసి పొట్ట పోసికొనెను.

ఆయనకు అతిథి విద్యార్థి యను గౌరవము లేదు. సిఫారసు జాబు కొనుటకు ధనము లేదు. పని చూచినవారు పనిని నమ్మిరి. 1925 లో ఫిస్కెతో కూడి దేహద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. కండరములకు శక్తి నిచ్చు పదార్థముల రహస్యము తేల్చిన వారిలో ఒక్కడాయెను. 1940 లో లెడర్లీ పరిశోధనాలయమున చేరి, ఫోలిక్ ఆమ్లము తయారుచేయుటయందును, కాన్సరు చికిత్సకు దారితీసిన మందులయందును ఆయన నాయకత్వమున పని జరిగినది. 1947 లో ఆ పరిశోధనాలయమునుండియే బోదకాలు వ్యాధి క్రిములపై పనిచేయు డై ఇథైల్ కార్బమజీను వెలువడినది. 1948 ఆగస్టులో ఆయన మరణించెను. బోదకాలు గోదావరి మండలపు పాత శత్రువు. తరువాతి కాలమున ఇంటింటికి వచ్చి ఆరోగ్యకార్యకర్తలు మ్రింగించిన ఆ మాత్ర వెనుక భీమవరపు బిడ్డ చేయి ఉన్నదని ఎందరు తలచిరి? పోయినవాడు తిరిగి రాకపోయినను, అతని పని కొల్లేటి ఒడ్డునకు తిరిగివచ్చినది.

ఇక తండ్రి లెక్క. జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు వేసి చూడవలెను. ఒక్కొక్క పరీక్షకే వేయి డాలర్లకు పైగ రుసుము. పిదప నాలుగు వారముల బస, ప్రయాణము, దరఖాస్తులు. ఇంతయు పెట్టినను ఫలితము నిశ్చయము కాదు. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రులలో ఇటీవలి సంవత్సరములందు స్థానము దొరకినవారు నూటికి 60 మందికి కొంచె మిటు నటు. అనగా నూటికి 40 మంది ఆ యేడు వట్టిచేతులతో మిగులుచున్నారు. వారు తెలివితక్కువవారు కారు. స్థానములు కొన్ని, కోరువారు ఎక్కువ.

కావున లెక్క యిట్లు తేలును. విద్యార్థిగ నున్నపుడే, పేరుగల బోధనాసుపత్రిలో ఎలెక్టివ్ దొరకినచో, ఇంటి మిగులు సొమ్ముతో పోవుట సరియైన ఖర్చు. పట్టము వచ్చిన పిమ్మట ఒక్క అబ్జర్వర్‌షిప్, మంచి గురువు చెంత దొరకినచో, ఆలోచింపదగినది. ఊరు పేరు తెలియని చోట నెలకు నెల రుసుము కట్టి జాబులు పోగుచేయుటకు చెరువు తాకట్టు పెట్టుట మాత్రము తగదు. చెరువు పోయిన నాడు ఆ కుటుంబమునకు తిండి పోవును. జాబు దొరకిన నాడు ఆశ మాత్రమే దొరకును. కుమారుడు దీనిని విని నొచ్చుకొనరాదు. తండ్రి “వద్దు” అనుట లేదు. “ఏది, ఎప్పుడు, ఎంతకు” అని యడుగుచున్నాడు. రోగిని ప్రశ్నించు విద్య నేర్చినవానికి తండ్రి ప్రశ్న కోపము తెప్పించరాదు.

ఊరి లెక్క మరియొకటి కలదు. అమెరికాలోను పల్లెలకు వైద్యులు చాలరు. అందుకై 1994 లో ఉత్తర డకోటా సెనేటరు కాన్రాడ్ పేరిట ఒక శాసనము చేసిరి. శిక్షణ ముగిసిన విదేశీ వైద్యుడు స్వదేశమునకు రెండేండ్లు తిరిగిపోవలెనను నియమమునుండి మినహాయింపు పొందుటకు, వైద్యులు కరవైన చోట మూడేండ్లు పనిచేయవలెను. ఆ విధముగ తెలుగు వైద్యులును పరదేశపు పల్లెలలో రోగుల చేయి పట్టుచున్నారు. అది గౌరవమే. కాని లంకలోని ముసలమ్మ జ్వరముతో పడవ ఎక్కి, ఆటో ఎక్కి ఏలూరు చేరవలసివచ్చుచున్నంతకాలము ఆ గౌరవము సగమే.

ఇచ్చటను ద్వారములు తెరచుకొనుచున్నవి. 2019 నాటి పాఠ్యక్రమమున మన విద్యార్థులకును ఐచ్ఛికాభ్యాసము చేర్చిరి. 2022 నుండి వైద్యవిద్యార్థులు గ్రామములలో కొన్ని కుటుంబములను దత్తు తీసికొని, వారి ఆరోగ్యము కనిపెట్టు నియమము వచ్చినది. పై చదువు చదువువారు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయవలెనని 2020 లోనే నిర్ణయమాయెను. అనగా అతిథి విద్యార్థి అమెరికాకు మాత్రమే పోవువాడు కాడు. మన ఊరికిని వచ్చుచున్నాడు. అట్లు వచ్చిన పిల్లలకు అరుగుమీద చోటిచ్చి, మంచినీళ్ళిచ్చి, దాపరికము లేక రోగము చెప్పుట గ్రామస్థుల ధర్మము. వారు సంతకము చేసికొని పోక, కూర్చుండి వినుట ఆ పిల్లల ధర్మము.

చివరగ గ్రంథాలయ కార్యవర్గమునకు ఒక విన్నపము. వైద్యకళాశాలలో చేరిన పిల్లలకును, వారి తల్లిదండ్రులకును ఈ వివరములు తెలియు చోటు ఒకటి కావలెను. ఒక బీరువా అరలో ఈ పరీక్షల నియమములు, ఆసుపత్రుల షరతులు, గడువు తేదీలు ఏటేట సరిచూచి ఉంచుడు. పోయి వచ్చినవారు తమ మంచిచెడ్డలు ఒక నోటుపుస్తకమున వ్రాసిపెట్టుదురు గాక. ఒకడు మోసపోయిన చోట రెండవవాడు మోసపోకుండుటకే గదా అక్షరము పుట్టినది!

చెరువు గట్టుమీది తండ్రి ప్రశ్నకు సమాధాన మిది: అది చదువే, యాత్ర కాదు, అయితే ఇంటియొద్ద చదువు పూర్తి చేసినవానికి మాత్రమే చదువు. రోగి మంచము చెంత నిలుచు నేర్పు ఏలూరున సంపాదించి పోయినవాడు అతిథిగ పోయి, ఆప్తుడుగ తిరిగి వచ్చును. అది లేనివాడు ఎంత రుసుము కట్టినను అతిథిగనే పోయి, అతిథిగనే తిరిగి వచ్చును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఈ బల్లలయొద్ద చదివిన వైద్యులు ఇద్దరైనను సభలో కూర్చుందురు గాక! వారిలో ఒకరైనను లంక గ్రామములో వైద్యము చేయుచుందురు గాక!

స్వస్తి.